సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతంలో జాతీయోద్యమం (1930–1948)

సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతంలో జాతీయోద్యమం అంటే, నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో ఆనాటి మెదక్ జిల్లా, దాని పొరుగు తాలూకాల ప్రజలు పౌరహక్కుల కోసం, బాధ్యతాయుత ప్రభుత్వం కోసం, చివరకు భారత యూనియన్‌లో విలీనం కోసం ప్రధానంగా అహింసా పద్ధతుల్లో సాగించిన ఉద్యమం. ఈ ప్రాంతంలో జరిగిన 2 సభలకు తెలంగాణ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో జరిగింది. అదే సంస్థలోని జాతీయవాద పక్షం 13వ మహాసభను 1946లో కందిలో జరుపుకుంది. మొదటి సభ భాష, చదువు, సంఘసంస్కరణల గురించి మాట్లాడింది. రెండో సభ నాటికి ఆ సంస్థ ముందున్నది సంస్థాన రాజకీయ భవిష్యత్తు. ఈ 16 ఏళ్ల పరిణామం, ఆ తరువాతి విలీనోద్యమం ఈ వ్యాసంలోని ప్రధాన విషయాలు.

పరిధి, భౌగోళిక నేపథ్యం

హైదరాబాద్ నగరానికి వాయవ్యంగా షోలాపూర్ మీదుగా బొంబాయికి వెళ్లే రహదారి మీద పటాన్‌చెరు, కంది, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ వరుసగా ఉన్నాయి. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు చీలే దారిలో జోగిపేట ఉంది. ఉద్యమ కాలంలో సంగారెడ్డి మెదక్ జిల్లాకు ముఖ్యపట్టణం. నేటి సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది.

నేటి జిల్లాలోని జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు అప్పట్లో బీదర్ జిల్లాలో భాగం. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. అందువల్ల ఈ ప్రాంతపు పడమటి అంచున తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు కలిసి వినిపించేవి.

పటాన్‌చెరు పరిసరాల పారిశ్రామిక స్వరూపం స్వాతంత్ర్యానంతర కాలానిది. రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం 1960లలో వచ్చింది. పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. పారిశ్రామికవాడ 1970ల నుంచి విస్తరించింది. ఉద్యమం నాటికి ఇది చెరువుల కింది వరి, మెట్ట భూముల్లో జొన్న పండించే వ్యవసాయ ప్రాంతం. ఇక్కడి ఉద్యమానికి కార్మిక సంఘాలు పునాది కాలేదు. పట్టణాల వకీళ్లు, వర్తకులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, గ్రామాల రైతులు దానికి ఆధారమయ్యారు.

పాలనా నేపథ్యం

హైదరాబాద్ సంస్థానం విస్తీర్ణం సుమారు 82,700 చదరపు మైళ్లు. 1941 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 1 కోటి 63 లక్షల మంది ఉండేవారు. 1911 నుంచి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలకుడు. సంస్థానం బ్రిటిషు సార్వభౌమాధికారానికి లోబడి ఉన్నా అంతర్గత పాలన నిజాం చేతిలోనే ఉండేది. ఇక్కడి ప్రజలు వలస పాలననూ రాచరికాన్నీ ఏకకాలంలో ఎదుర్కోవలసి వచ్చింది. బ్రిటిషాంధ్రలోని జాతీయోద్యమానికీ దీనికీ ప్రధానమైన తేడా ఇదే.

భూమి సుమారుగా మూడు విధాల పాలన కింద ఉండేది. ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ భూములు 60 శాతం, జాగీర్లు 30 శాతం, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ 10 శాతం. జాగీరు గ్రామాల్లో వెట్టి చాకిరి, అక్రమ వసూళ్లు సర్వసాధారణం. గ్రామంలో పటేల్, పట్వారీల మాటే చెల్లేది.

పాలనా భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే సాగింది. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారైనా వారి పిల్లలకు తెలుగులో చదువుకునే అవకాశం తక్కువ. సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందాలని నిర్దేశించిన ఉత్తర్వు ‘గస్తీ నిషాన్ 53’గా పేరుపొందింది. ఈ ఉత్తర్వు రద్దు కావాలన్నది ఆంధ్ర మహాసభ పదే పదే ముందుకు తెచ్చిన కోరిక.

చరిత్ర

తొలి దశ: గ్రంథాలయాలు, పత్రికలు, సంఘాలు

రాజకీయ సభలకు వీలులేని చోట ప్రజాజీవనం గ్రంథాలయాల రూపంలో మొదలైంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. 1921 నవంబరులో హైదరాబాద్‌లోని వివేకవర్ధిని ఆవరణలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికుల్లో కొందరు గేలిచేసి అడ్డుకున్నారు. దానికి ప్రతిస్పందనగా 1921 నవంబరు 12న ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. మాడపాటి హనుమంతరావు దాని నిర్మాణానికి నడుం కట్టారు. జిల్లాల్లోని సంఘాలను కలుపుతూ 1923లో నిజాం రాష్ట్ర ఆంధ్ర జన కేంద్ర సంఘం వెలిసింది. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు.

జోగిపేట మహాసభ, 1930

కేంద్ర సంఘం కృషికి కొనసాగింపుగా మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1930 మార్చి 3, 4, 5 తేదీల్లో జోగిపేటలో జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. దానితో పాటు అక్కడే మొదటి ఆంధ్ర మహిళా సభ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన జరిగింది.

ప్రభుత్వ అనుమతితో, షరతులకు లోబడి జరిగినందువల్ల ఈ సభ రాజకీయ డిమాండ్లను ముందుకు తేలేదు. మాతృభాషలో విద్య, స్త్రీవిద్య, బాల్యవివాహాల నిరోధం, వితంతు వివాహాల ప్రోత్సాహం, అస్పృశ్యతా నివారణ వంటి అంశాల మీద చర్చలు, తీర్మానాలు సాగాయి. అదే నెల 12న గాంధీజీ సబర్మతి నుంచి దండికి నడక మొదలుపెట్టారు. బ్రిటిషిండియాలో ఉప్పు చట్టాన్ని బాహాటంగా ధిక్కరించడానికి సిద్ధమవుతున్న రోజుల్లోనే, సంస్థానంలో తెలుగువారు ఒకచోట చేరి తమ సమస్యలు చర్చించుకునే హక్కును సాధించుకుంటున్నారు.

మహాసభ విస్తరణ, చీలిక

జోగిపేట తరువాత మహాసభ తెలంగాణలోని వేర్వేరు పట్టణాల్లో జరిగింది. బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలో (1931), పులిజాల వెంకటరంగారావు అధ్యక్షతన ఖమ్మంలో (1934), మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో (1935), కొండా వెంకటరంగారెడ్డి అధ్యక్షతన షాద్‌నగర్‌లో (1936), మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాద్‌లో (1937) సభలు జరిగాయి. 1940 తరువాత రైతు సమస్యలు, వెట్టి నిర్మూలన, రాజ్యాంగ సంస్కరణలు చర్చల్లో ముందుకు వచ్చాయి. వామపక్ష యువకుల ప్రాబల్యం పెరిగింది.

1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో సంస్థ రెండుగా చీలింది. కమ్యూనిస్టుల నాయకత్వంలోని పక్షం గ్రామాల్లో ‘సంగం’గా వ్యాపించింది. జాతీయవాదులు వేరుగా సభలు జరుపుకున్నారు.

స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, 1938

సంస్థానాల అంతర్గత వ్యవహారాల్లో కాంగ్రెస్ పేరుతో నేరుగా ఉద్యమాలు నడపరాదని, స్థానిక సంస్థలే పోరాడాలని 1938 ఫిబ్రవరి నాటి హరిపుర కాంగ్రెస్ నిర్ణయించింది. ఆ ఏడాదే హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ స్థాపనకు సన్నాహాలు జరిగాయి. సంస్థ లాంఛనంగా ఏర్పడకముందే, 1938 సెప్టెంబరు 7న ప్రభుత్వం దానిని నిషేధించింది.

నిషేధాన్ని ధిక్కరిస్తూ 1938 అక్టోబరు 24న సత్యాగ్రహం ప్రారంభమైంది. గోవిందరావు నానల్ నాయకత్వం వహించిన మొదటి జట్టులో రావి నారాయణరెడ్డి, రామకృష్ణ ధూత్ తదితరులు ఉన్నారు. తరువాతి జట్లలో స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ అరెస్టయ్యారు. ఇదే సమయంలో ఆర్యసమాజం, హిందూ మహాసభ వేరుగా సత్యాగ్రహాలు నడిపాయి. రాజకీయ పోరాటం మతపోరాటంగా కనబడే ప్రమాదం ఉందని భావించిన గాంధీజీ సలహా మేరకు స్టేట్ కాంగ్రెస్ 1938 డిసెంబరు 24న తన సత్యాగ్రహాన్ని నిలిపివేసింది.

అదే ఏడాది చివర్లో ఉస్మానియా విద్యార్థులు వసతిగృహాల్లో ‘వందేమాతరం’ పాడుకునే హక్కు కోసం సమ్మె చేశారు. అందుకు విశ్వవిద్యాలయం బహిష్కరించిన వారిలో పలువురు నాగ్‌పూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1940లో రామానంద తీర్థ ప్రభృతులు వ్యక్తి సత్యాగ్రహం చేశారు. క్విట్ ఇండియా కాలంలో కూడా సంస్థానంలో అరెస్టులు జరిగాయి.

కంది మహాసభ, 1946

జాతీయవాద పక్షం 1945లో మడికొండలో మందుముల నరసింగరావు అధ్యక్షతన, 1946లో కందిలో జమలాపురం కేశవరావు అధ్యక్షతన సభలు జరుపుకుంది. ‘సర్దార్’గా పేరుగాంచిన కేశవరావు ఖమ్మం ప్రాంతంలోని ఎర్రుపాలేనికి చెందినవారు. రాజధానికి దగ్గరగా, జిల్లా కేంద్రం పక్కనే, బొంబాయి రహదారి మీద ఉన్న గ్రామం కంది. కమ్యూనిస్టుల నాయకత్వంలోని మహాసభ అదే ఏడాది బద్దం ఎల్లారెడ్డి అధ్యక్షతన కరీంనగర్‌లో సమావేశమైంది.

1946 జులైలో స్టేట్ కాంగ్రెస్‌పై నిషేధం తొలగింది. జాతీయవాద ఆంధ్ర మహాసభ, మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు స్టేట్ కాంగ్రెస్‌లో కలిసిపోయాయి. భాషల వారీగా సాగిన మూడు ప్రవాహాలు ఒకే రాజకీయ సంస్థ కిందికి వచ్చాయి.

విలీనోద్యమం, 1947–48

బ్రిటిషువారు వైదొలగిన తరువాత తాను ఏ యూనియన్‌లోనూ చేరనని 1947 జూన్‌లో నిజాం ఫర్మానా జారీచేశారు. అదే నెల 16 నుంచి 18 వరకు హైదరాబాద్‌లోని ముషీరాబాద్‌లో రామానంద తీర్థ అధ్యక్షతన స్టేట్ కాంగ్రెస్ మొదటి మహాసభ జరిగి, భారత యూనియన్‌లో చేరిక, బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని కోరింది. 1947 ఆగస్టు 7ను ‘జాయిన్ ఇండియా’ దినంగా పాటించారు. ప్రభుత్వం సభలను, ఊరేగింపులను, భారత జాతీయ పతాకం ఎగురవేయడాన్ని నిషేధించింది. ఆగస్టు 15 తెల్లవారుజామున హైదరాబాద్‌లోని సుల్తాన్‌బజారులో పతాకం ఎగురవేసిన రామానంద తీర్థను అరెస్టు చేశారు.

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. దాని వెంట నాయకులు విడుదలయ్యారు. అయితే ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు అనే సాయుధ స్వచ్ఛంద దళం దాడులు పెరిగాయి. 1948 జనవరి 26న రామానంద తీర్థను మళ్లీ నిర్బంధించారు.

పోరాట రూపాలు

అహింసా పోరాటం ఒకే రూపంలో సాగలేదు. సంస్థానంలో ఆచరణలోకి వచ్చిన ముఖ్య పద్ధతులు ఇవి.

సభా పోరాటం: అనుమతి కోరడం, షరతుల నడుమే సభ జరిపి తీర్మానాలు చేయడం, వాటిని పత్రికల ద్వారా ప్రచారం చేయడం. జోగిపేట, కంది సభలు ఈ కోవలోనివి.

నిర్మాణ కార్యక్రమం: గ్రంథాలయాలు, తెలుగు పాఠశాలలు, ఖద్దరు, మద్యపాన నిషేధ ప్రచారం, అస్పృశ్యతా నివారణ.

నిషేధాజ్ఞల ఉల్లంఘన: జట్లు జట్లుగా ముందుకు వచ్చి నినాదాలు చేసి అరెస్టు కావడం, జాతీయ పతాకం ఎగురవేయడం.

సహాయ నిరాకరణ: సర్కారు నిర్బంధంగా సేకరించే లెవీ ధాన్యం ఇవ్వకపోవడం, పన్నులు నిరాకరించడం, కోర్టులను, పాఠశాలలను బహిష్కరించడం, ఉద్యోగాలకు రాజీనామా చేయడం. అబ్కారీ ఆదాయాన్ని దెబ్బతీయడానికి సర్కారు తాటి, ఈత చెట్లను నరికే కార్యక్రమం కూడా 1947–48లో నడిచింది. కల్లుగీత కుటుంబాల జీవనాధారానికి దీనివల్ల దెబ్బ తగిలింది.

ఉద్యమం పనిచేసిన తీరు

గ్రామానికీ రాజధానికీ మధ్య వార్తలు చేరవేయడంలో పత్రికలు, గ్రంథాలయాలు కీలకమయ్యాయి. ‘గోలకొండ పత్రిక’ జిల్లాల విలేఖరుల లేఖలను ప్రచురించేది. ఒక ఊరిలో జరిగిన వెట్టి లేదా అక్రమ వసూలు మరో ఊరికి అలా తెలిసేది. మహాసభ ఏ పట్టణంలో జరిగితే అక్కడి వర్తకులు, వకీళ్లు ఆహ్వాన సంఘంగా ఏర్పడి వసతి, భోజనాలు చూసేవారు. ప్రతి సభకూ స్థలం మారడంతో ఉద్యమం రాజధానికే పరిమితం కాలేదు. సభ జరిగిన ప్రతి పట్టణంలో కార్యకర్తల బృందం తయారయ్యేది.

నిషేధ కాలంలో నాయకత్వం రెండు చోట్ల నుంచి పనిచేసింది. కొందరు లోపల అరెస్టులకు సిద్ధపడ్డారు. మరికొందరు సంస్థానం వెలుపల, బెజవాడ, షోలాపూర్ వంటి పట్టణాల నుంచి ప్రచారం, నిధుల సేకరణ, సరిహద్దు శిబిరాల నిర్వహణ చూశారు.

స్త్రీలు, దళితులు, ముస్లింలు

జోగిపేటలో మొదలైన మహిళా సభ తరువాత ఆంధ్ర మహాసభతో పాటే కొనసాగింది. ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, నిజామాబాద్‌లో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. స్త్రీవిద్య, వివాహ వయసు, ఆస్తిహక్కు వంటి అంశాలు ఈ సభల ద్వారా బహిరంగ చర్చలోకి వచ్చాయి.

దళితోద్యమం హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి తదితరుల నాయకత్వంలో వేరుగా వికసించింది. అస్పృశ్యతా నివారణ మహాసభ తీర్మానాల్లో ఉన్నా, నాయకత్వంలో అగ్రకులాల, భూస్వామ్య కుటుంబాల వారే ఎక్కువగా కనిపిస్తారు. 1947–48లో దళిత నాయకుల్లో ఒక వర్గం నిజాం ప్రభుత్వం వైపు నిలిచింది. వారిలో బి.ఎస్. వెంకటరావు మంత్రి పదవి చేపట్టారు.

ముస్లింలలో సంస్థాన స్వతంత్ర ప్రతిపత్తిని కోరిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు ఆదరణ ఉండేది. అదే సమయంలో విలీనాన్ని సమర్థించినవారూ ఉన్నారు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో హత్యకు గురయ్యారు.

సమాంతర ధారలు

అహింసా ధారతో పాటు ఇతర ధారలూ సాగాయి. కమ్యూనిస్టుల నాయకత్వంలో 1946లో మొదలై 1951 వరకు నడిచిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలు కేంద్రాలు. ఆ పోరాట నాయకుల్లో ఒకరు, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ 1908లో జోగిపేటను ఆనుకుని ఉన్న అందోలులో జన్మించారు. ఆర్యసమాజం మరాఠీ, కన్నడ జిల్లాల్లో, వాటిలో భాగమైన బీదర్‌లో బలంగా ఉండేది.

1947–48లో స్టేట్ కాంగ్రెస్ అనుబంధ సరిహద్దు శిబిరాల నుంచి సుంకపు నాకాలపై, పోలీసు ఠాణాలపై సాయుధ దాడులు కూడా జరిగాయి. అందువల్ల చివరి ఏడాది ఉద్యమాన్ని సంపూర్ణ అహింసోద్యమంగా చెప్పడం సరికాదు. లోపలి సత్యాగ్రహం, వెలుపలి శిబిరాల సాయుధ చర్యలు ఒకే కాలంలో నడిచాయి.

పోలీసు చర్య, అనంతర పరిణామాలు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ‘పోలీసు చర్య’గా పేరుపొందిన ‘ఆపరేషన్ పోలో’ ప్రారంభించింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో ప్రధాన దళం షోలాపూర్ నుంచి నల్దుర్గ్ మీదుగా హైదరాబాద్ రహదారి వెంట కదిలింది. జహీరాబాద్ సమీపంలో మందుపాతరలు దాని వేగాన్ని తగ్గించాయి. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటును ప్రకటించారు. మరునాడు సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయారు. రజ్వీ అరెస్టయ్యారు. జైళ్లలోని స్టేట్ కాంగ్రెస్ నాయకులు విడుదలయ్యారు.

సైనిక చర్య వెంట అనేక చోట్ల ముస్లింలపై హత్యలు, దోపిడీలు జరిగాయి. ప్రధాని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయని పేర్కొంది. అంతకుముందు రజాకార్ల దాడుల్లో గ్రామాలు అనుభవించిన హింసతో పాటు దీనినీ పరిగణించినప్పుడే ఆ కాలపు చరిత్ర సమగ్రమవుతుంది.

1950 జనవరి 26న హైదరాబాద్ భారత రాజ్యాంగం కింద రాష్ట్రమైంది. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. జోగిపేట సభాధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి అదే ఎన్నికల్లో శాసనసభకు ఎన్నికై 1953లో కన్నుమూశారు. ఆయన రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ప్రాముఖ్యం, భిన్నాభిప్రాయాలు

ఈ ప్రాంతపు ఉద్యమానికి మూడు విధాల ప్రాముఖ్యం ఉంది. మొదటిది, జోగిపేట సభ తెలంగాణ తెలుగువారికి ప్రజావేదికను ఏర్పరచింది. తరువాతి జాతీయవాద, వామపక్ష నాయకత్వాలు రెండూ ఆ వేదిక మీదనే రూపుదిద్దుకున్నాయి. రెండవది, మహిళా సభ మొదటి నుంచే దానికి తోడుగా నిలిచింది. మూడవది, కంది సభ జాతీయవాద మహాసభ ప్రస్థానానికీ స్టేట్ కాంగ్రెస్ ప్రజోద్యమానికీ మధ్య సంధికాలంలో జరిగింది.

ఉద్యమ ఫలితంపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. సత్యాగ్రహం విలీనానికి ప్రజామోదాన్ని కూడగట్టిందని కొందరు భావిస్తారు. నిర్ణాయక పాత్ర సైనిక చర్యదని, గ్రామాల్లో జాగీర్దారీ పట్టును సడలించినది రైతాంగ పోరాటమని మరికొందరు వాదిస్తారు. సెప్టెంబరు 17ను విమోచన దినంగా, విలీన దినంగా, సమైక్యతా దినంగా వేర్వేరు పక్షాలు జరుపుకోవడం ఈ భిన్నాభిప్రాయాలకు కొనసాగింపు. జాగీర్దారీ వ్యవస్థ 1949లో చట్టరీత్యా రద్దయింది. మాతృభాషలో విద్య, సభా స్వేచ్ఛ వంటి జోగిపేట తరం కోరికలు రాజ్యాంగంలో చోటు పొందాయి.

ఇవి కూడా చూడండి

ఆంధ్ర జన సంఘం, ఆంధ్ర మహాసభ, ఆపరేషన్ పోలో, గ్రంథాలయోద్యమం, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం, మాడపాటి హనుమంతరావు, రామానంద తీర్థ, వందేమాతరం ఉద్యమం (ఉస్మానియా), సురవరం ప్రతాపరెడ్డి, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్